తమ్ముడికి తీసిన గొయ్యి

నిన్న నందిగామలో మా మనవరాలికి కుర్చీ అమర్చారు. పిల్లకు నడుము నిలవదు. ఎదిగేకొద్దీ ఆ కుర్చీ పక్కలు జరుపుకోవచ్చట, ఏటా కొత్తది కొనక్కర్లేదు. అది నాకు నచ్చింది. పిల్ల నడుము చుట్టూ స్పాంజి కుక్కుతుంటే చిన్నప్పుడు మా ఊరు వత్సవాయిలో మా తమ్ముడు గుర్తొచ్చాడు.

వాడికీ నడుము నిలిచేది కాదు. మూడేళ్లొచ్చినా చాప మీద వెల్లకిలా పడుకుని తాటాకు కప్పునే చూసేవాడు. ఒకరోజు పొద్దున్నే నాయనమ్మ మా నాన్నతో, "ఒరేయ్, మిరప కోతకి అందరం పోవాల. పిల్లాడికి గొయ్యి తియ్యరా" అంది. నాన్న గునపం అందుకున్నాడు.

మాది చర్చికి పోయే ఇల్లు. మావాళ్లలో ఎవరైనా చనిపోతేనే గొయ్యి తీస్తారని నాకు తెలుసు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని గడ్డివాము వెనక దూరాను.

"బతికే ఉన్నాడు నాన్నా! చూడు, ఊపిరి తీసుకుంటన్నాడు!" అని ఏడ్చాను.

"ఓసి పిచ్చిమొహమా, పూడ్చడానిక్కాదే, కూర్చోబెట్టడానికి!" అంటూ నాయనమ్మ వాణ్ణి లాక్కుని రొమ్ముదాకా గుంటలో దించింది. చుట్టూ పాత చీరలు కుక్కింది. "ఎదిగితే ఇంకాస్త తవ్వుదాం. మట్టేగా!"

తమ్ముడి తల కాసేపు ఊగి, నిలబడింది. వాడు కోడిని చూశాడు, నా కాళ్లు చూశాడు, తర్వాత నా మొహం చూసి నవ్వాడు.

వాడు కూర్చున్నాడని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం వాడి తల మట్టికి పైన ఉండటమే చాలనిపించింది. కూర్చోవడం ఎంత పెద్ద సంగతో మనవరాలు పుట్టాకే తెలిసింది.