కుప్పయ్య లావక్షరం

కుప్పయ్యకు సన్నక్షరం కనబడితే చెయ్యి ఊరుకోదు. అది ఎక్కడుంది, ఎవరిది అని చూడడు. చొక్కా జేబులో రెండు మార్కర్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. పెళ్ళిపత్రిక ఇచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగి లేచేలోగా వధూవరుల పేర్లు రెండింతలు లావెక్కి ఉంటాయి. పుత్తూరు బస్టాండులో టీకొట్టు ధరల పట్టీ, ఎదురింటి గేటు మీది పేరు, గోడ మీది క్యాలెండరు, అన్నీ ఆయన చేతిలో ఒళ్ళు చేసినవే. ఒకసారి డాక్టరు రాసిచ్చిన చీటీని కూడా ఇలాగే దిద్దితే, మందుల షాపాయన తన జన్మలో మొదటిసారి డాక్టరు రాత అర్థమైందని దాన్ని బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాడు.

ఎందుకయ్యా ఈ పని అని అడిగితే ఒకటే జవాబు. "అచ్చరానికి ఎముక ఉండాలప్పా. ఇది సూడు, గాలొస్తే పడిపోయేటట్ల ఉండాది."

ఆయన ముప్పయ్యేళ్ళు బస్సుల నుదుటి మీద ఊరిపేర్లు రాసి బతికినవాడు. సంచీ సంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చే మనిషికి అల్లంత దూరం నుంచే 'చిత్తూరు' అని తెలియాలి, లేకపోతే ఆ మనిషి తప్పు బస్సెక్కి నగరి పోతాడు. తర్వాత స్టిక్కర్లొచ్చాయి, ఎర్ర లైట్లతో మెరిసే పేర్లొచ్చాయి, కుప్పయ్య చేతికి పని లేకుండా పోయింది. చేతికి పని లేకపోతే ఆయనకు అన్నం దిగదు. ఒక పాత కంప్యూటరు సంపాదించి 'పుత్తూరు దారి' అని బ్లాగు పెట్టాడు. చెయ్యో కాలో విరిగి, ఎముక అతికించే పుత్తూరు కట్టు కోసం వచ్చేవాళ్ళకు దారి చెప్పడం దాని పని. మూడు రాష్ట్రాలవాళ్ళు దాన్ని చూసుకుని వస్తున్నారని తెలిశాక, ఊళ్ళో వర్తకసంఘంవాళ్ళు దానికి కాస్త అందం తెద్దామని తిరుపతిలో ధనశేఖర్ నడిపే వెబ్ ఆఫీసుకు అప్పజెప్పారు. ధనశేఖర్ దాన్ని తీసుకెళ్ళి శ్రీవేద నెత్తిన పెట్టాడు.

శ్రీవేద ఏడాదిన్నరగా ఉద్యోగం వెతుక్కుంటోంది. ఉన్న ఊళ్ళో దొరికితే సరి, లేకపోతే చెన్నైలో పిన్ని ఇంటికి పంపిస్తానని వాళ్ళమ్మ కల్యాణవల్లి గడువు కూడా పెట్టేసింది. ధనశేఖర్ మూడు వారాలు పరీక్ష అన్నాడు. మూడో వారం దాటిన సోమవారానికి ఆ బ్లాగు కంటికి ఇంపుగా ఉంటే ఉద్యోగం, లేకపోతే దండం అని తేల్చి చెప్పాడు.

మొదటిసారి ఆ బ్లాగు తెరిచినప్పుడు శ్రీవేద కుర్చీతో సహా వెనక్కి జరిగింది. కంప్యూటరులో అక్షరం లావుకు అంకెలుంటాయి. నాలుగొందలంటే మామూలు మనిషి, తొమ్మిదొందలంటే పహిల్వాను. కుప్పయ్య బ్లాగులో శీర్షిక తొమ్మిదొందలు, వాక్యం తొమ్మిదొందలు, మూలనున్న తేదీ కూడా తొమ్మిదొందలే. పైగా బ్లాగుకు చొక్కాలా తొడిగిన ఆ థీములో ఉన్న తెలుగు ఫాంటుకు లావు రూపమే లేదు. లేనిదాన్ని తెమ్మంటే బ్రౌజరు మాత్రం ఏం చేస్తుంది, ఉన్న సన్నక్షరం చుట్టూ సిరా పులుముతుంది. వత్తులూ గుడులూ ఒకదానికొకటి అతుక్కుపోయి, 'లక్ష్మి' ఉండవలసిన చోట సిరాబుడ్డి ఒలికినట్టు ఉంది.

రెండు వారాలు రంగులూ బొమ్మలూ సర్ది, మూడో వారం అక్షరాల మీద పడింది. పాత అలంకారాలన్నీ చూడకుండానే ఒక్క మీటతో చెరిపేసి, లావు నాలుగొందలకు దించి, హమ్మయ్య అనుకుని ఇంటికెళ్ళింది. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ తొమ్మిదొందలు. పాత కాపీ కనబడుతోందేమోనని బ్రౌజరు తుడిచి, మళ్ళీ అలాగే చెరిపి దించింది. మర్నాడు మళ్ళీ తొమ్మిదొందలు. అదనంగా తగిలించిన ఏడు ప్లగిన్లు పీకేసింది. ఊహూఁ. నాలుగోనాడు ఏకంగా థీమే మార్చేసింది. ఆ కొత్త థీము కూడా తెల్లారేసరికి ఒళ్ళు చేసి కూర్చుంది. సోమవారం ముంచుకొస్తోంది, శ్రీవేదకేమో చేతబడి చేసిన బ్లాగు దొరికింది.

అయిదోనాడు దొంగ దొరికాడు. థీములో సొంత అలంకారాలు రాసుకోవడానికి ఒక మూల ఉంటుంది. అక్కడ రెండొందల పన్నెండు లైన్లున్నాయి, ప్రతి లైను చివరా 'ఇంపార్టెంట్' అని ఉంది. ఆ మాట తగిలిస్తే మిగతా రూళ్ళన్నీ నోరు మూసుకుంటాయి. పని తెలిసినవాళ్ళు దాన్ని ఏడాదికొకసారి, అదీ ఎవరూ చూడకుండా వాడతారు. ఇన్నిసార్లు వాడిన మనిషి ఎవరా అని శ్రీవేద కుప్పయ్యకే ఫోను చేసింది.

"తాతా, ఇవన్నీ ఎవరు రాసినారు?"

"నేనే పాపా. యూట్యూబులో సూసి నేర్సుకున్నా. నోటుబుక్కులో గూడా రాసి పెట్టుకోనుండా. నువ్వు రోజూ తుడుస్తా ఉండావు, నేను రోజూ ఎక్కిస్తా ఉండా."

తాను ఇన్నాళ్ళూ కుస్తీ పట్టింది కంప్యూటరుతో కాదు, అరవై ఎనిమిదేళ్ళ మనిషితో అని తెలిసేసరికి శ్రీవేద ఆ లైన్లు మళ్ళీ లెక్కపెట్టుకుంది. రెండొందల పన్నెండు లైన్లు, రోజూ, ఒంటివేలితో. ప్రతి లైనుకూ ఆ ఇంపార్టెంట్ ఎందుకని అడిగింది.

"అది పెడితేనే గదా మాట ఇంటాది. మా ఇంట్లో గూడా అట్లాంటిదొకటి ఉంటే బాగుండు."

అసలింత లావు ఎందుకంటే, ఎముక పాటే పాడాడు. శ్రీవేదకు ఒళ్ళు మండింది. "తాతా, మీరు వాపును చూసి బలుపనుకుంటా ఉండారు. ఇది వాపు," అనేసింది.

పుత్తూరు మనిషిని పట్టుకుని వాపుకూ బలుపుకూ తేడా తెలియదనడం చిన్న మాట కాదు. "వాపా?" అని మాత్రం అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఇక మాటలతో పని కాదని తేలిపోయింది. శనివారం శ్రీవేద బ్లాగు మీద ఆయనకున్న పెద్దరికం తాళం తీసేసుకుంది. బ్లాగులో రాతలు రాసుకోవచ్చు గానీ అక్షరాల రూపు ముట్టుకోవడానికి లేకుండా కట్టేసింది. ఆదివారం కుప్పయ్య ఫోను చేసి, అక్షరాలు సిక్కిపోయినాయే పాపా అన్నాడు. థీము కొత్తది తాతా, నాలుగు రోజులకు అలవాటైపోతాదని చెప్పింది. పెద్ద రగడ చేస్తాడనుకుంది. ఆయన "సరే" అన్నాడు, అంతే. ఆ ఒక్క మాటకు శ్రీవేద బిత్తరపోయింది గానీ, సోమవారం ధనశేఖర్ బ్లాగు చూసి మెచ్చుకుని, ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్యమనేసరికి ఆ సంగతే మర్చిపోయింది.

శుక్రవారం పొద్దున కల్యాణవల్లి అప్పుడే చల్లిన కళ్ళాపి మీద శ్రీవేద స్కూటీ జారింది. కుడి ముంజేయి విరిగింది. ఎక్స్‌రే చూడగానే, నా చేత్తో చల్లిన నీళ్ళే నా బిడ్డ చెయ్యి విరగ్గొట్టినాయని కల్యాణవల్లి ఏడుపు అందుకుంది, ఏడుస్తూనే పుత్తూరు బస్సెక్కించింది. సంచీలో మందులూ బిస్కెట్లూ తిరునామం పెట్టెతో సహా అన్నీ సర్దింది గానీ, తన కళ్ళజోడు మాత్రం ఇంట్లో మర్చిపోయింది. ఎక్కడ దిగాలో చూసే పని శ్రీవేదకే పడింది.

ఎడమచేత్తో ఫోను తీసి 'పుత్తూరు దారి' తెరిచింది. నాలుగొందల లావు, లేత బూడిద రంగు, మధ్య మధ్య బోలెడంత ఖాళీ. అన్నీ తాను ముచ్చటపడి పెట్టినవే. బస్సు వడమాలపేట దాటి గుంతల్లో పడింది. అక్షరాలు చీమల బారులా కదిలిపోతున్నాయి. రెండు వేళ్ళతో సాగదీస్తే పెద్దవవుతాయని లోకానికంతా తెలుసు. పట్టుకోవడానికి ఒక చెయ్యి, సాగదీయడానికి ఇంకో చెయ్యి కావాలని మాత్రం శ్రీవేదకు ఆ క్షణం దాకా తెలియదు. నడవలో నిలబడ్డవాళ్ళ సంచీ వచ్చి విరిగిన చేతికి తగిలితే ప్రాణం పోయినంత పనైంది.

అటువైపు సీట్లో పంకజాక్షి అనే ఆమె కూడా ఎడమచెయ్యి మెడలో వేలాడేసుకుని, కుడిచేతిలో అదే బ్లాగు పట్టుకుని కండక్టరుతో మొర పెట్టుకుంటోంది. "పోయిన నెల మా ఆయన కాలు కట్టుకి దీన్ని సూసుకునే పోయినాం. ఒళ్ళో పెట్టుకున్నా కనబడతా ఉండె. ఇప్పుడెవురో అచ్చరాల్ని ఎండబెట్టినారు. వాళ్ళ చెయ్యిరగ."

శ్రీవేద తన చేతి వంక చూసుకుంది. అది ఎవరి పనో తెలిసిన కల్యాణవల్లి కిటికీలోంచి బయటికి చూడసాగింది.

దిగవలసిన చోటు ఎప్పుడో దాటిపోయి, బస్సు వాళ్ళను పుత్తూరు స్టాండులో దింపింది. దిగగానే శ్రీవేద కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. గోడ పొడుగునా అట్టపెట్టెలు చింపి చేసిన బోర్డులు ఆనించి ఉన్నాయి, ఒక్కొక్కటీ నిలువెత్తు, నల్ల రంగుతో లావు లావు అక్షరాలు. వాటి పక్కన నెత్తిన తువ్వాలు వేసుకుని కుప్పయ్య నిలబడి, దిగినవాళ్ళకు ఆటోలు చూపిస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఇదే తంతని, మొదటి బస్సుకే వచ్చి నిలబడుతున్నాడని, అన్నానికి కూడా ఇంటికి పోవడంలేదని టీకొట్టతను చెప్పాడు. ఆదివారమంటే, సరే అని ఆయన ఫోను పెట్టేసిన రోజు.

శ్రీవేద ఆ బోర్డులు చదివింది. స్టాండు దాకా రావద్దు, ముందు స్టాపులోనే దిగండి. కుడిచెయ్యి విరిగినవాళ్ళు బస్సులో కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి, అప్పుడు జనం తగలరు. ఎడమచేత్తో తినలేనివాళ్ళకు ఇడ్లీ గిన్నెలో చిదిమి, చెంచా వేసి ఇచ్చే కొట్టు ఇదీ. ఒంటరిగా వచ్చినవాళ్ళు భయపడొద్దు, ఈ నంబరుకు ఫోను చెయ్యండి, నేనొస్తాను. అన్నీ బ్లాగులో ఉన్న మాటలే. మూడు వారాలు ఆ అక్షరాల లావు కొలిచింది గానీ, తాను ఒక్క వాక్యం కూడా చదవలేదని అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

కుప్పయ్య ముందు చెయ్యి చూశాడు, తర్వాత మొహం చూశాడు. "కుడిచెయ్యేనా పాపా?" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు తాతా?" ఫోనులో విన్న గొంతును ఆయన ఇట్టే పట్టాడు.

"లావెందుకని అడిగినావు. ఎవురు సదువుతారని అడగలే గదా. రా, ముందు కట్టు కట్టిద్దాం."

దగ్గరుండి కట్టు కట్టించాడు. గడపలోకి గుడ్డు నీడ కూడా రానివ్వని కల్యాణవల్లి, కూతురి చేతికి కోడిగుడ్డు సొన పూస్తుంటే గట్టిగా కళ్ళు మూసుకుని గోవింద నామాలు చెప్పుకుంది. అది అయ్యాక శ్రీవేద ఇంటికి పోదామనలేదు. నేరుగా కుప్పయ్య ఇంటికి వెళ్ళి, ఆ పాత కంప్యూటరు ముందు కూర్చుని, ఎడమచేతి ఒక్క వేలితో మొదలుపెట్టింది. ముందు ఆయన పెద్దరికం తాళం ఆయనకు ఇచ్చేసింది. తర్వాత పులుముడు ఫాంటు తీసేసి, పుట్టుకతోనే లావున్న తెలుగు ఫాంటు వెతికి తెచ్చి తొమ్మిదొందలు పెట్టింది. కుప్పయ్య ముక్కు తెరకు ఆనించి 'లక్ష్మి'ని పరీక్ష చేశాడు. క్ష కింద మ వత్తు విడిగా, నిండుగా ఉంది.

"వాపు దిగింది," అన్నాడు. "బలం అట్లనే ఉండాది."

అప్పుడు మోగింది ఫోను. ధనశేఖర్. మళ్ళీ పహిల్వాన్లను దింపావేంటని, సంఘంవాళ్ళకు ఏం చెప్పాలని, ఉద్యోగం వద్దా అని గుక్క తిప్పుకోకుండా అరిచాడు. శ్రీవేదకు చెన్నైలో పిన్ని ఇల్లు కళ్ళముందు కనబడింది. అయినా తగ్గలేదు.

"సార్, పాత సన్నక్షరాల పేజీ ఒకటి మీకు పంపుతా. కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకోండి. ఎడమచేత్తో ఫోను పట్టుకుని, ఆటోలో కూర్చుని దాన్ని చదవండి. చదవగలిగితే నా ఉద్యోగం మీరే ఉంచుకోండి."

కల్యాణవల్లి నోటిమీద చెయ్యి వేసుకుంది. అరగంట ఫోను లేదు. తర్వాత ధనశేఖర్ నుంచి చిన్న మెసేజ్ వచ్చింది: "ఇంకొంచెం లావు చెయ్. ఒకటో తారీఖు వద్దు, కట్టు విప్పినాక రా."

"దానికి ఇంపార్టెంట్ పెట్టినావా?" అన్నాడు కుప్పయ్య.

అవసరం లేదు తాతా, ఈ ఫాంటు చెప్పినమాట వింటుందని శ్రీవేద అంది. "సరే. అయినా పెట్టు," అన్నాడు. ఆమె ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ పెట్టింది.

బస్సు వేళయింది. కట్టు మార్చుకోవడానికి మళ్ళీ ఎప్పుడు రావాలో రాసిచ్చిన చీటీ బల్ల మీద ఉంది. బాల్‌పెన్నుతో, వెంట్రుకంత సన్నంగా రాసిన తేదీ. కుప్పయ్య దాన్ని ఒకసారి చూశాడు, మర్యాదకు తల పక్కకు తిప్పుకున్నాడు, మళ్ళీ చూశాడు. చెయ్యి జేబులోకి పోయింది.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న కల్యాణవల్లి, కళ్ళజోడు లేకుండానే, అక్కడి నుంచే పైకి చదివింది. "మళ్ళీ బుధవారం, పద్నాలుగు."