గంట చాటున సుత్తి

యోరున్ గురించి చెప్పమంటే మా ఊళ్ళో ఎవరైనా ముందు ఆమె కారు గురించే చెబుతారు. ఎత్తుగా, ఆకుపచ్చగా ఉండే పెద్ద కారు. దాన్ని అమ్మెయ్యమని ఆమెకు సలహా ఇవ్వని మనిషి లేడు. ఇచ్చినవాణ్ణి ఆమె మళ్ళీ ఆ కారు ఎక్కించుకున్నదీ లేదు. నేనూ ఒకసారి నోరు జారాను. నాకింకా కారు లేని ఆ చలికాలమంతా ఫెర్రీ రేవుకు నడిచే వెళ్ళాను.

మా నార్వేలో కొండల మధ్యకు చొచ్చుకొచ్చే సముద్రపు పాయను ఫియర్డ్ అంటారు. ఆ ఫియర్డ్ ఒడ్డున యోరున్ సాల్మన్ చేపలు కోసి శుభ్రం చేసే షెడ్డులో పని చేస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణని ఊళ్ళో అనుకుంటారు, అనుకోనివ్వండి. ఇంట్లో ఏది చెడినా తనే విప్పుతుంది. విప్పినవాటిలో చాలావరకు మళ్ళీ బిగుస్తాయి కూడా. బిగించాక మిగిలిపోయిన మరలను కాఫీ డబ్బాలో పడేసి, "ఇవి కంపెనీవాడు అనవసరంగా పెట్టినవి" అంటుంది. ఆ డబ్బా ఇప్పటికి సగానికి పైగా నిండింది.

ఆమె పక్కింట్లో మాగ్న్‌హిల్డ్ ఉంటుంది. యోరున్ తల్లి ఈడుది. మా ఊళ్ళో ఆదివారాన్ని కాపలా కాసే పని ఆవిడకు ఎవరూ అప్పగించలేదు, తనే తీసుకుంది. శనివారం సాయంత్రం నేను చర్చి గంట కొట్టి పవిత్రదినాన్ని ఆహ్వానించిన క్షణం నుంచి ఊళ్ళో రంపం కూయకూడదు, మేకు దిగకూడదు, తాడు మీద బట్టలు ఆరకూడదు. ఒక వేసవిలో పై ఊరి నుంచి వచ్చినవాడెవడో ఆదివారం పూట గడ్డి కోసే యంత్రం బయటికి తీస్తే, ఆవిడ దాని ముందు కుర్చీ వేసుకుని అల్లిక పని చేసుకుంటూ కూర్చుంది. అతను యంత్రం లోపల పెట్టేశాడు. మరుసటి వేసవికి రాలేదు.

అంతటి మాగ్న్‌హిల్డ్‌కు కళ్ళలో శుక్లాలు ముదిరాయి. మనుషుల్ని దగ్గును బట్టి గుర్తుపట్టే స్థితికి వచ్చింది. ఆసుపత్రివాళ్ళు ఆపరేషన్‌కు పిలిస్తే, మొదటిసారి గొర్రెలు ఈనుతున్నాయని మానేసింది. రెండోసారి కర్టెన్లు ఉతకాలని మానేసింది. అసలు సంగతి భయం. కంట్లోకి కత్తి వస్తుందంటే ప్రాణం పోతుంది ఆవిడకు. ఆ మాట మాత్రం చచ్చినా అనదు. ఇది మూడో పిలుపు, సోమవారానికి. ఈసారీ రాకపోతే పేరు తీసి వరస చివర పడేస్తామని వాళ్ళు చెప్పేశారు. ఆ వరస తిరిగి వచ్చేలోగా ఆ కళ్ళలో చూపు మిగులుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది యోరున్. ఆవిడ ఇంకెవరి కారూ ఎక్కదు. మిగతా ఊరందరితోనూ ఏదో ఒక ఆదివారం గురించి ఆవిడకు తగవుంది. నా కారులో చేపల వాసనట.

సరిగ్గా ఆ వారమే యోరున్ కారు, రోడ్డెక్కే అర్హత ఉందో లేదో చూసే తనిఖీలో తప్పింది. వెనక బ్రేక్ డిస్కులను, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళేలను, తుప్పు తినేసింది. మా దగ్గర సముద్రం ఒకవైపు నుంచి, రోడ్డు మీద చల్లే ఉప్పు ఒకవైపు నుంచి కారును కొరుకుతాయి. ముందు బ్రేకులైతే ఒరుసుకుని ఒరుసుకుని శుభ్రంగా ఉంటాయి. వెనకవాటికి పని తక్కువ, తుప్పుకు తీరిక ఎక్కువ. డిస్కులు, వాటిని నొక్కి పట్టే ప్యాడ్లు మార్చి సోమవారం పొద్దున చూపించు, లేదంటే కారు రోడ్డెక్కదు అన్నారు. రేవు దగ్గరే తనిఖీ షెడ్డు. చూపించి, అటునుంచి అటే ఫెర్రీ ఎక్కవచ్చు. యోరున్ సామాను తెప్పించుకుంది. ముందు బ్రేకులు మార్చడంలో ఆమెకు చెయ్యి తిరిగింది. వెనకవి మార్చడం ఇదే మొదటిసారి. అయినా బ్రేకు బ్రేకే కదా అంది.

తుఫాను వల్ల ఫెర్రీ ఆగిపోయి ఆ సామాను శనివారం మధ్యాహ్నానికి గాని రాలేదు. కారు వెనక భాగం జాకీ మీదికి లేపి, చక్రాలు ఊడదీసి, ప్యాడ్లను పట్టుకుని ఉండే ఇనప దవడలు విప్పేసరికి నేను గంట కొట్టేశాను. డిస్కులు మాత్రం ఊడి రాలేదు.

ఆదివారం పొద్దున్నే యోరున్ మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"టొర్లైఫ్, ఈవేళ గంట ఎంతసేపు కొడతావు?"

"ఎప్పుడూ కొట్టినంతసేపు."

"కాస్త ఎక్కువసేపు కొట్టకూడదూ?"

"దేనికి?"

"భక్తి కోసం."

యోరున్ నోట భక్తి అన్న మాట వినేసరికి నాకు కాఫీ పొలమారింది.

"నిజం చెప్పు," అన్నాను.

"డిస్కు తుప్పు పట్టి ఇరుసుకు అతుక్కుపోయింది. పెద్ద సుత్తితో గట్టిగా తగిలించాలి. గంట మోగుతున్నప్పుడైతే ఆవిడకు వినపడదు."

"ఆవిడ చర్చిలో ఉంటుందిగా?"

"చర్చిలో ఉంటే? తలుపులేసుకున్నా సరే, పక్క లోయలో పిల్లి తుమ్మితే ఆవిడకు తెలుస్తుంది."

"పోనీ ఉన్నమాట చెప్పెయ్యరాదూ?"

"చెప్తే ఏమంటుంది? 'అయ్యో, కారు లేదా, అయితే వద్దులే' అంటుంది. ఆవిడకు కావాల్సింది ఆ సాకే. అది నా చేత్తో ఇస్తానా?"

మా చర్చిలో గంటకు మోటారు లేదు, తాడే. ఆ తాడు కొసన నేను. గంట గూడు కిటికీలోంచి చూస్తే కింద యోరున్ వాకిలి మొత్తం కనిపిస్తుంది. డిస్కు ఊడగానే ఎర్రగుడ్డ ఊపుతానంది, అప్పటిదాకా ఆపొద్దంది. నేను లాగాను. పైన గంట డంగుమంది, కింద సుత్తి ఠంగుమంది. మొదట్లో ముచ్చటగానే ఉంది. యోరున్‌కు తాళం బాగా తెలుసు. ఎప్పుడూ ఆపే సమయం వచ్చింది, ఎర్రగుడ్డ లేవలేదు. ఇంకాసేపు లాగాను. భుజాలు లాగేస్తున్నాయి. గుడ్డ లేవలేదు.

మా పాస్టరమ్మ సునీవా కొత్తగా వచ్చిన చిన్నపిల్ల. ఆ పిల్ల మెట్ల దాకా వచ్చి పైకి చూసింది.

"టొర్లైఫ్, ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదు."

"అయితే ఆపవేం?"

"తాడు వదలట్లేదు."

"నువ్వు వదిలితే అదీ వదులుతుంది," అంది ఆ పిల్ల.

ఆపక తప్పలేదు. కానీ నేను ఆపుతున్నట్టు కింద యోరున్‌కు ఎలా తెలుస్తుంది? గంట ఆగింది. ఊరంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఒక్క సుత్తి దెబ్బ, ఠంగ్‌మని, ఫియర్డ్ అవతలి కొండకు తగిలి తిరిగి వచ్చింది. నేను మెట్లు దిగేసరికి చర్చిలో ఉన్న మెడలన్నీ మాగ్న్‌హిల్డ్ వైపు తిరిగి ఉన్నాయి. ఆవిడ పెదాలు బిగించి, కనపడని బలిపీఠం వైపు సూటిగా చూస్తూ కూర్చుంది.

ప్రార్థన అయ్యాక వాఫెళ్ళనే గళ్ళగళ్ళ తీపి అట్లు, కాఫీ ఉంటాయి. మాగ్న్‌హిల్డ్ ఆగలేదు. చేతికర్ర పట్టుకుని నేరుగా కిందికి దిగింది. నేనూ వాఫెల్ వదులుకుని వెనకాలే నడిచాను. యోరున్ బతుకుతుందో లేదో చూడాలి కదా.

యోరున్ వాకిట్లో చతికిలపడి ఉంది. ఆవిణ్ణి చూడగానే సుత్తి వెనక్కి పెట్టుకుంది.

"దాచకే. నాకెలాగూ కనపడదు, దండగ శ్రమ," అంది మాగ్న్‌హిల్డ్.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్ననే. జాకీ చప్పుడు నాకు తెలియదనుకున్నావా? రాత్రి పడుకుని అనుకున్నాను, హమ్మయ్య, కారు లేదు, ఇంక వెళ్ళక్కర్లేదు అని. ఎంత హాయిగా నిద్ర పట్టిందో! పొద్దున్నే లేచి కాఫీ పోసుకుంటే కప్పులో పడలేదు. చేతి మీద పడింది." ఆవిడ ఆ చెయ్యి చూపించింది. ఎర్రగా కందిపోయి ఉంది. "భయమేస్తోందే యోరున్."

"నాకు తెలుసులే."

"తెలిస్తే ఇంకేం, కొట్టు."

"ఆదివారం కదా!"

"ఆ సంగతి నేనూ పైనున్న ఆయనా తేల్చుకుంటాం. ముందు నువ్వు కొట్టు."

ఆవిడ వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. అప్పుడే చర్చి నుంచి జనం దిగుతున్నారు. ఇంటికి పోవాలంటే అందరూ ఆ గేటు ముందు నుంచే పోవాలి. వెనక సుత్తి ఠంగు ఠంగుమంటుంటే ముందు మాగ్న్‌హిల్డ్ ఒక్కొక్కరికీ ఆదివారపు పలకరింపు చెప్పింది. ఆ గొంతు వింటే పలకరిస్తోందో హెచ్చరిస్తోందో తెలియదు. కిందటేడు దుప్పటి ఆరేసినందుకు ఆవిడ చేత చీవాట్లు తిన్నవాడొకడు ఆగి, నవ్వుతూ నోరు తెరిచాడు.

"ఏమిటి?" అంది ఆవిడ.

"ఏం లేదు. ఎండ బాగుంది," అనేసి ఆ మబ్బులో గబగబా నడిచిపోయాడు.

యోరున్ అలిసిపోయి సుత్తి నాకిచ్చింది. గంట లాగిన చేతులు నావి, నేనేం కొడతాను? రెండు దెబ్బలకే మణికట్టు జివ్వుమంది. డిస్కు చెక్కుచెదరలేదు. యోరున్ నేల మీద కూలబడి, "అయిపోయింది. రేపటికి కాదు," అంది. ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, అప్పుడు చూస్తానేమో అనిపించింది.

మాగ్న్‌హిల్డ్ తడుముకుంటూ వచ్చి వంగి డిస్కు మీద చెయ్యి వేసింది. అటూ ఇటూ తిప్పబోయింది.

"ఇది తిరగదేం?"

"అతుక్కుపోయిందని చెప్తున్నాగా."

"ఇరుసుకు అతుక్కుంటే ఇరుసుతో కలిసి తిరగాలి కదే. అసలే తిరగదేం?" అని మళ్ళీ తిప్పి చూసింది. "ఏమే, చేతిబ్రేకు లాగి ఉందా?"

యోరున్ మొహం చూడాలి మీరు.

మాది నార్వే మొత్తంలో ఇంతకు మించిన వాలు ఉండదేమో అనిపించే ఊరు. కారు ఆపగానే చేతిబ్రేకు లాగడం ఇక్కడ ఎవరూ ఆలోచించి చేసే పని కాదు, చెయ్యి దానంతటదే చేస్తుంది. ముందు బ్రేకులు మార్చేటప్పుడు లాగే ఉంచాలి కూడా. కానీ ఆ కారులో చేతిబ్రేకు ఉండేది వెనక డిస్కు కడుపులోనే. లోపలి నుంచి దాన్ని కరుచుకుని పట్టుకుంటుంది. అంటే తను గట్టిగా పట్టి ఉంచినదాన్నే యోరున్ పొద్దుటి నుంచి సుత్తితో బాదుతోంది. దానికోసం నేను దేవుడి గంట భుజాలు పడిపోయేలా కొట్టాను.

ఆమె లేచి, కారు తలుపు తీసి, చేతిబ్రేకు కిందికి దించింది. టక్కుమంది. వచ్చి కూర్చుని డిస్కును రెండు చేతులతో కుదిపింది. తుప్పు ఆ దెబ్బలకు ఎప్పుడు వదిలేసిందో ఏమో, డిస్కు చప్పుడు లేకుండా ఆమె ఒళ్ళోకి వచ్చేసింది.

"ఇంత వయసొచ్చి మొదటిసారి ఆదివారం చెడగొట్టుకుని నేను ఊరందరి ముందూ నిలబడ్డది ఇందుకా?" అంది మాగ్న్‌హిల్డ్. తర్వాత తిట్టింది. యోరున్‌ను తిట్టింది, నన్ను తిట్టింది, నా గంటను తిట్టింది. తిట్టి తిట్టి నవ్వొచ్చి, నవ్వు ఆగక బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయింది.

మిగతా పనంతా నిశ్శబ్దంగానే సాగింది. రెండో డిస్కు అడగ్గానే వచ్చింది. కొత్తవాటి నూనె జిడ్డు తుడిచి బిగించింది. దవడలోని పిస్టన్లను లోపలికి నొక్కి కొత్త ప్యాడ్లు ఎక్కించింది. పెడలు గట్టిపడేదాకా కాలితో తొక్కింది. ఆ సేపంతా మాగ్న్‌హిల్డ్ ఆదివారం కట్టుకున్న బట్టల ఒళ్ళోనే చక్రాల నట్లు పెట్టుకుని, అడిగినప్పుడల్లా ఒకటి అందించింది. సుత్తి చప్పుడు చెయ్యని పని పని కిందికి రాదని తనే తీర్పు చెప్పుకుంది.

సోమవారం కారు తనిఖీ దాటింది. ఫెర్రీలో నేనూ ఉన్నాను, వెనక సీట్లో. ఎందుకు వెళ్ళానో అడక్కండి. ఆసుపత్రి తలుపు దాకా మాగ్న్‌హిల్డ్ యోరున్ చెయ్యి వదల్లేదు. లోపలికి వెళ్ళేముందు వెనక్కి తిరిగి, "ఇప్పుడైనా ఆ కారు చెడిపోకూడదూ," అంది.

మర్నాడు పొద్దున మాగ్న్‌హిల్డ్‌ను తన వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ముందుగా ఆపరేషన్ చేసిన కంటి మీది కట్టు యోరున్ తీసింది. మాగ్న్‌హిల్డ్ రెప్పలార్చింది. నా వైపు చూసింది, పెద్దగా పట్టించుకోలేదు. యోరున్ వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. ఎన్నేళ్ళయిందో ఆ మొహాన్ని తేటగా చూసి.

"యోరున్?"

"ఆఁ."

"అయ్యో, ఎంత ముసలిదానివైపోయావే!"

యోరున్ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, ఈసారి నేను చూశాను. కళ్ళు తుడుచుకోవడానికి చేతులెత్తింది. గోళ్ళ నిండా, గీతల నిండా ఇంకా బ్రేకు తుప్పు. మాగ్న్‌హిల్డ్ ఆ చేతులు పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"ముందు ఈ చేతులు కడుక్కో," అంది. అందే గానీ వాటిని వదల్లేదు.