రెండో తొట్టి

చేతిపనీ రాతపనీ ఒకేసారి నెత్తిన పడితే మనిషి ముందు దేన్ని దించుకోవాలి? రేవు నీటి విషం మీద నీలిమది ఆరేళ్ల పరిశోధన. థీసిస్ ఇవ్వడానికి మిగిలింది పన్నెండు రోజులు. గాజువాక బస్సు దిగి ల్యాబ్‌కు రాగానే చున్నీ నడుముకు బిగించి, రెండు తొట్లలో ఆల్చిప్పలకు నీళ్లు మార్చేది: ఒకదానికి రేవు నీరు, పోలిక కోసం రెండోదానికి శుభ్రమైన సముద్రపు నీరు. తర్వాత ఫ్రీజరు మూత మీద లాప్‌టాప్ పెట్టుకుని, తడి వేళ్లు మోచేతికి తుడుచుకుంటూ, నిలబడే టైపు చేసేది. చివరి అధ్యాయం ధ్యాసలో, వీటికేమవుతుందిలే అని నాలుగు రోజులు రెండో తొట్టి ముట్టుకోలేదు. ఈ ఉదయం ఆ తొట్టిలోవే నోళ్లు తెరిచి చచ్చి ఉన్నాయి. 'శుభ్రమైన నీటిలోవన్నీ బతికాయి' అని అధ్యాయంలో అప్పటికే రాసేసుకుంది.

"ఏటమ్మా, అలాగుండిపోనావు?" అటెండరు సింహాద్రి ముక్కు మూసుకున్నాడు. "గోడలు సెప్తాయేటి? బతికినాయనే ఉంచీ. నాను పారబోసెత్తాను."

"మళ్లీ చెయ్యాలంటే నెల పడతాది, సింహాద్రన్నా."

"అందికే కదా ఉంచీమంతన్నాను!"

అతను టీకి వెళ్లాడు. నీలిమ ఆ వాక్యం చెరిపి, 'అన్నీ చచ్చాయి, నీళ్లు మార్చలేదు' అని కొట్టింది. బతికున్న తొట్టికి నీళ్లు మార్చింది. రెండు టీ గ్లాసులతో సింహాద్రి మెట్లెక్కుతుంటే, పక్కనుంచే, రెండో తొట్టికి మళ్లీ సముద్రపు నీరు తేవడానికి ఖాళీ డబ్బాతో దిగిపోయింది.