దిండు ఆడిన ఒక్క కుస్తీ

మా తమ్ముణ్ణి కుస్తీ హాల్లో అందరూ దిండు అంటారు. ఎవరు పడినా వాడి మీదే పడతారని కోచ్ పెట్టిన పేరది. అందరితోపాటు వాడూ నవ్వాడట. నాకైతే ఒళ్లు మండిపోయింది. "నీకు రోషం లేదురా?" అని అడిగితే, "నాకు రోషం వస్తే అవతలివాడికి దెబ్బ తగులుతుందక్కా" అన్నాడు. వీడికి చెప్పడమూ గోడకి చెప్పడమూ ఒకటే.

వాడి ఉద్యోగం ఆ హాల్లో కుస్తీ పట్టే పరుపులు తుడవడం. పొద్దున్నే వెళ్లి మందు కలిపిన నీళ్లతో శుభ్రంగా తుడిచి ఆరబెడతాడు. ఆ తర్వాత మా దేశం ఛాంపియన్ వస్తాడు. ఇద్దరిదీ ఒకే బరువు. ఛాంపియన్ ఏ పోటీకి వెళ్లబోతున్నా, అక్కడ ఎదురుపడేవాళ్ల వీడియోలు కోచ్ ముందుగా మా వాడికి చూపిస్తాడు. ఎవడు ఏ కాలు ముందు పెడతాడు, ఎవడు తల ఎటు దూరుస్తాడు, అన్నీ పట్టుకుని మా వాడు అచ్చం వాళ్లలా ఆడాలి. ఛాంపియన్ వీణ్ణి ఎత్తి పడేసి నేర్చుకుంటాడు. ఒక వారం వీడు పొడుగువాడు, ఇంకో వారం ఎడమచేతివాటంవాడు. "మరి నీ ఆట ఏదిరా?" అని ఒకసారి అడిగాను. టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. నవ్వేసి ఊరుకుంటే బాగుండేది, నిజంగానే ఆలోచించాడు పిచ్చి సన్నాసి.

హాల్లో ఇంకో కట్టుబాటు ఉంది. పట్టులో ఇరుక్కుని నొప్పి పుడితే ఛాంపియన్ అరచేత్తో పరుపు మీద రెండుసార్లు తడతాడు. తట్టగానే మా వాడు వదిలెయ్యాలి. పోటీల్లో అలాంటిదేమీ ఉండదు, సాధనలో మాత్రమే. చేరిన కొత్తలో వీడు రెప్పపాటు ఆలస్యంగా వదిలాడు. ఛాంపియన్ భుజం బెణికి ఆ ఏడు పోటీలకే వెళ్లలేకపోయాడు. కోచ్ తిట్టలేదు. "దేశం మొత్తం ఆశ నీ చేతుల్లో ఉందిరా, చూసుకో" అన్నాడంతే. తిట్టినా బాగుండేది, ఆ మాట వీడి ఎముకల్లో దిగిపోయింది. ఒకరోజు ఏదో కోపంలో నేను భోజనాల బల్ల మీద టపటపా రెండు దెబ్బలు వేస్తే వీడి చేతిలో కంచం జారి కిందపడింది. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వాల్సిన సంగతేనా అది?

ఈసారి ఖండంలోని దేశాలన్నీ తలపడే పోటీలు మా ఊళ్లోనే పెట్టారు. ఇంకో వారం ఉందనగా ఛాంపియన్ వాళ్లింటి మెట్ల మీద కాలు మడతపడి మోకాలు వాచిపోయింది. కోచ్ మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "ఆ బరువులో ఇంకెవరూ లేరమ్మా, మీ తమ్ముణ్ణి దింపుతున్నాం" అన్నాడు. ఇంకెవరూ లేరట. ఆ మనిషికి మంచి కబురు కూడా మంచిగా చెప్పడం చేతకాదు.

మా వాడి మొహం మాత్రం వెలిగిపోయింది. వాడి ఈడువాళ్లు ఎప్పుడో కుస్తీ మానేసి పొట్టలు పెంచేశారు. ఈ అవకాశం పోతే మళ్లీ రాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. "పతకాలూ గితకాలూ వద్దక్కా. ఒక్కడి మీద గెలిస్తే చాలు. నేనూ కుస్తీ ఆడానని చెప్పుకోడానికి ఒక్కటి" అన్నాడు.

నేను కర్టెన్లు కుట్టే దుకాణంలో పని చేస్తాను. ఛాంపియన్ దుస్తులే వీడికిచ్చారు. నడుం దగ్గర వదులైతే కుట్లు విప్పి బిగించాను. వీపు మీద ఛాంపియన్ పేరు ఊడదీసి మా వాడి పేరు కుట్టాను. ఇంట్లో తప్ప ఎవరూ పిలవని అసలు పేరు. కుడుతున్నంతసేపూ కళ్లు చెమ్మగిల్లి సూదిలోకి దారం ఎక్కలేదు.

మొదటి కుస్తీ పొరుగుదేశపు కుర్రాడితో. మెడా భుజాలూ కలిసిపోయిన మనిషి. కానీ మా వాడు ఆడాడండీ. ఇన్నేళ్లూ ఎవరెవరి దగ్గరో అప్పు తెచ్చుకున్న పట్లన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఒకసారి పొడుగువాడిలా కాలు అందుకున్నాడు, ఒకసారి ఎడమచేతివాటంవాడిలా నడుం చుట్టేశాడు. పాయింట్లు మా వైపే. నా పక్కనున్నవాళ్లు "ఎవరితను?" అని అడుగుతుంటే, "మా తమ్ముడు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను.

చివర్లో మా వాడు ఆ కుర్రాణ్ణి వెల్లకిలా పడగొట్టి మీద బిగిశాడు. రెండు భుజాలూ పరుపుకి ఆనితే ఇక పాయింట్లతో పని లేదు, కుస్తీ గెలిచినట్టే. ఒక భుజం ఆనింది. రెండోది ఆనబోతోంది. కింద వాడు గిలగిలా కొట్టుకుంటున్నాడు. ఆ కొట్టుకోవడంలో వాడి అరచెయ్యి పరుపు మీద టప్ టప్‌మని తగిలింది.

మా వాడి చేతులు విడిపోయాయి.

వదిలేసి, మోకాళ్ల మీద లేచి, దెబ్బ తగిలిందా అన్నట్టు ఆ కుర్రాడి మొహంలోకి చూశాడు. వాడెందుకు ఆగుతాడు? ఒక్క మెలికతో మా వాణ్ణి కింద వేసి రెండు భుజాలూ పరుపుకి అదిమేశాడు. అంతే, అయిపోయింది.

నాలుగు దులిపేద్దామనే మెట్లు దిగి వెళ్లాను. మా వాడు బట్టలు మార్చుకునే గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. పక్కనే కోచ్. "ఎందుకు వదిలావురా?" అన్నాను.

"తట్టాడు కదక్కా" అన్నాడు.

అన్నాక గానీ వాడికి తను చేసిందేమిటో తెలియలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కోచ్ తల దించుకున్నాడు. "వదలడం బాగా నేర్పారు సార్, పట్టుకోవడం ఎప్పుడు నేర్పుతారు?" అని అరిచాను. ఆయన వంగి మా వాడి బూట్ల లేసులు విప్పసాగాడు. ఎదురు తిట్టినా నా కడుపుమంట కాస్త చల్లారేది.

ఇంకో ఆశ ఉందన్నారు. ఆ కుర్రాడు ఫైనల్‌కి వెళ్తే వాడి చేతిలో ఓడినవాళ్లకి మళ్లీ ఆడే వీలిస్తారట. ఇక చూడండి నా బతుకు. నా తమ్ముణ్ణి ముంచినవాడు గెలవాలని గొంతు చించుకుని అరిచాను. వాడు సెమీఫైనల్లో ఓడిపోయాడు.

మర్నాడు ఆ కుర్రాడికి కాంస్యం కోసం కుస్తీ. "చూసి తీరాలా?" అన్నా వినకుండా మా వాడు వెళ్లి కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. చేతికర్ర మీద కుంటుకుంటూ ఛాంపియన్ వచ్చి వాడికి అటుపక్క కూలబడ్డాడు.

"పాపం, బాగానే ఆడావురా దిండూ" అని వీపు తట్టాడు. చెడ్డవాడు కాదు, ప్రేమగానే తట్టాడు. కాసేపు ఆ కుర్రాణ్ణి చూసి, "వచ్చే ఏడాది నాకు ముప్పు వీడేరా. వీడి పట్లన్నీ జాగ్రత్తగా చూసిపెట్టుకో. నాకు మోకాలు తగ్గేసరికి నువ్వు అచ్చం వీడిలా ఆడాలి" అన్నాడు.

నా నోరు ఊరుకునేది కాదు. మా వాడు నా చెయ్యి నొక్కాడు.

"అలాగే అన్నా" అన్నాడు. "కుడికాలు ముందు పెడతాడు, చూశావా? అక్కడే మెలిక వేస్తాడు."

ముందుకు వంగి కూర్చున్నాడు. తనను పడగొట్టిన ఆ మెలికను వాడి చేతులు ఒళ్లో అప్పుడే వేసి చూసుకుంటున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. వాడు నా వైపు తిరగలేదు, ఆ కుర్రాడి కాళ్లనే చూస్తున్నాడు.