అక్క గోడ మూలకు పెట్టిన మిషిన్

సూర్యాపేటల స్టీలు సామాన్ల దుకాణంల ఉయ్యాల స్ప్రింగు అడిగితే, సేటు మొకమంత నవ్వు చేసుకొని "మనుమడా సార్, మనుమరాలా?" అన్నడు. నాకు ఒళ్లు మండింది. "మా అక్క గోడకు" అన్న. నవ్వు ఆపి, కాగితంల చుట్టి చేతుల పెట్టిండు.

మోతె దిక్కు ఒక ఊర్ల మా అక్కది రాయి, మన్ను కలిపి కట్టిన ఇల్లు. బావ పోయినంక ఒక్కతే ఉంటది. ఇంటి ఎనుక గుట్టకు కంకర క్వారీ వచ్చిన కాన్నుంచి, వాళ్లు బండలకు తూటాలు పెట్టి పేల్చినప్పుడల్ల గోడ ఇంకింత నెర్రెలిచ్చేది. పొయ్యి ఎనుక నెర్రెల నా చెయ్యి దూరేది. మైనింగ్ ఆఫీసుకు పోతే, "మీ గోడ పాతది. తూటాలకే పగిలిందని రుజువేది?" అన్నరు.

అక్క ఇల్లు ఇడిసిపెట్టి ఊరి నడుమ కిరాయికి పోత అన్నది. నేనే వద్దన్న. "ఖాళీ ఇంటికి ఎవడు జవాబు చెప్తడే? నువ్వు గీడ ఉంటెనే కేసు ఉంటది. రెండు నెలలు ఓపిక పట్టు, రుజువు నేను తెస్త." ముప్పై ఏండ్ల సంది పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నోన్ని గద, గర్వం. నేల ఎప్పుడు ఊగిందో, ఎంత ఊగిందో రాసుకునే మిషిన్ నా చేతులతోనే చేస్త అనుకున్న.

దాంట్ల పెద్ద మతలబు ఏం లేదు, వడ్లగింజల బియ్యపుగింజే. స్ప్రింగుకు బరువు ఏలాడాలె. బరువుకు అయస్కాంతం, దాని కింద సన్న రాగితీగ చుట్ట. నేలతోని చుట్ట ఊగుతది, బరువు కదలకుంట ఉంటది, తీగల ఇంత కరెంటు పుడతది, దాన్ని కంప్యూటర్ గీత గీస్తది. చెప్పుడు అల్కగనే ఉంటది. సామాను దొరకవట్టుడే చావు.

అయస్కాంతానికి కోదాడ పోయిన. మైకుసెట్లు బాగుచేసేటాయన కాలిపోయిన స్పీకరొకటి ముందట పెట్టి, "ఇంత స్పీకరు పగలగొట్టి అయస్కాంతం పట్టుకెళ్తారా? ఏం చేస్తారండీ దీంతో?" అని అడుగుతనే ఉన్నడు. చెప్పిన. "క్వారీ వాళ్లతోనా! మీకెందుకండీ మాస్టారూ" అనుకుంటనే సుత్తె అందుకున్నడు. వచ్చేటప్పుడు బస్సుల అది సీటు కడ్డీకి కర్సుకొని, మునగాల దాటేదాక ఊడలే. పక్కసీటు ముసలమ్మ నా దిక్కు అదో తీరుగ సూసింది.

తీగకు మిర్యాలగూడ. అక్కడ దుకాణాలల్ల రైసుమిల్లు మోటర్లు చుట్టే లావు తీగలే. మూడు దుకాణాలు తిరిగినంక, ఫ్యాన్లు చుట్టే ముసలాయన దగ్గర ఎంట్రుక అసొంటి తీగ దొరికింది. ఆయనే చుట్టిచ్చిండు. తెగితే మళ్ల మొదటికెల్లి. రెండుసార్లు తెగింది. మూడోసారి ఆయన ఊపిరి బిగవట్టిండు, నేనూ బిగవట్టిన.

అక్క ఇంట్ల పొయ్యి గోడ మూలకు బండ మీద నిలవెట్టి, పక్కకు నా కంప్యూటర్ తగిలిచ్చిన. బరువుగ అయిదు కిలోల తూకం రాయి, దాని ఊగుడు ఆగెటందుకు కింద ఆముదం డబ్బా. "గిదేంది తమ్మీ, చికెన్ కొట్టు లెక్క జేసినవ్ నా ఇల్లు" అని నవ్వింది అక్క. ఆ పగలే క్వారీల తూటాలు పేలినయి, గీత ఎగిరింది. నేను చప్పట్లు కొట్టిన. గోడ మీదికెల్లి మన్ను రాలుతుంటే, అక్క అన్నం గిన్నె మీద కొంగు కప్పుతుంటే, సిగ్గులేకుంట చప్పట్లు కొట్టిన.

రెండు నెలలు ప్రతి ఆదివారం చర్చి అయినంక పోయి, గీతలు కాగితం మీదికి తీసిన. లేచిన ప్రతి గీతనూ పేలుడు కిందనే రాసిన. కట్ట చేతికియ్యంగనే ఆఫీసు నుంచి ఒక సారు వచ్చిండు. అక్క ఇంటి ముందట నిలబడి ఒక్కొక్క కాగితం తిప్పి, ఒక కాడ ఆగిండు.

"ఈ రోజు నాలుగుసార్లు పేల్చిండ్రా?"

"అవు సార్."

"ఆ రోజు అమావాస్య గద."

సూడవచ్చిన జనంల ఎవడో కిసుక్కుమన్నడు. అమావాస్య నాడు క్వారీ కూలోళ్లు పనికి రారు, తూటా ముట్టరు. ఊర్ల చిన్న పోరగాండ్లకు సుత ఎరుకే. మా ఇంట్ల అమావాస్య పట్టింపు లేదు, నాకు యాదికే రాలే. సారు గోడ ఎనుకకు పోయిండు. పక్క చేను బోరు మోటరు వైరు గోడకు ఆనుకొనే పోయింది. "మోటరు వెయ్యుండ్రి" అన్నడు. వేసిండ్రు. అందరు సూస్తుండంగ నా కంప్యూటర్ల గీత ఎగిరింది.

ఆ మోటరుకు ఆటోస్టార్టర్ ఉన్నది. కరెంటు పోయి వచ్చినప్పుడల్ల దానంతటదే చాలు అయితది. వైరుల కరెంటు ఉరికితే పక్క చుట్టల సుత కరెంటు పుడతదని ఏటేట పదో తరగతికి చెప్తున్న. థూ, నా సదువు పాడుగాను.

"నిజం పేలుళ్లు సుత ఉన్నయి సార్ దాంట్ల" అన్న.

"ఏవి పేలుళ్లు, ఏవి మోటరు? మీరే ఏరి ఇయ్యుండ్రి."

ఏరలేకపోయిన. సారు కట్ట సంకల పెట్టుకొని పోయిండు.

అక్కను అప్పుడన్న పొమ్మన్ననా? లే. "ఇంకొక్క నెల ఉండవే, మిషిన్ బాగుచేసి తెస్త" అన్న. "సరే తియ్" అన్నది. మిషిన్ విప్పుకొని సూర్యాపేటకు తెచ్చుకున్న. పన్నెండు రోజులకు, పగటిపూట అక్క పొయ్యి కాడ కూసున్నప్పుడు గోడ కూలి మీద పడ్డది. అప్పుడు తూటాలు పేలినయని కొందరన్నరు, పేలలేదని క్వారీ వాళ్లన్నరు. దవాఖానల కుడికాలు మోకాలి కింద తీసేసిండ్రు.

మూడో రోజు అక్క కండ్లు తెరిచింది. గిలాసల నీళ్లు పోసి పట్టిన. రెండు గుక్కలు తాగి, దుప్పటి మీద కాలు లేని జాగను చేతితోని తడుముకున్నది.

"నేను పోత అన్న గద తమ్మీ" అన్నది. తిట్టలే, ఏడ్వలే. "నువ్వు ఉండుమంటెనే ఉన్న."

"అవు" అన్న.