ఈరమ్మ చేనుకు వేసిన నంబరు

ముప్పై ఏళ్లకు పైగా ఈ సంగతి నాలోనే ఉండిపోయింది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. చెబుతుంటే ఏడుపు రావడం లేదు. రావాలేమో.

ఎనభైలలో జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పంటల వివరాలు రాసేవాణ్ణి. ఒక ఏడాది మొదటిసారి మా ఫారాలు కంప్యూటర్‌కు వెళతాయన్నారు. పంటకో నంబరు, చేనుకు ఒకే గడి. చేలో సగానికి మించి ఉన్న పంట నంబరు ఆ గడిలో వేయాలి. చిరాగ్‌పల్లి వైపు, రోడ్డు పక్క చెరకు తోటల పని ఇట్టే అయిపోయింది. ఝరాసంగం వైపు ఈరమ్మ చేను దగ్గర కలం ఆగింది. సర్కారు ఇచ్చిన రెండెకరాల ఎర్రనేల. మందు ఎరుగదు, మోటారు ఎరుగదు, పశువుల పెంట ఒక్కటే. జొన్న, కంది, అనుములు, పెసర, నువ్వులు, ఇంకా ఏవేవో కలిపి విత్తింది. ఒక్కొక్కటీ చూపించి అన్నీ రాసుకోమంది. పద్నాలుగు రకాలు. ఏదీ సగం లేదు. రెండు నంబర్లు వేస్తే ఫారం వెనక్కి వస్తుంది, మళ్లీ అంత దూరం నడిచి రావాలి. సాగు లేని పడావు భూమికీ ఒక నంబరుంది. అదే వేశాను. ఎందుకు? అలసటా, భయమా, ఎవరు చూస్తారులే అన్న ధీమానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, బద్ధకం అన్న జవాబే వస్తోంది.

మరుసటి ఏడాది, సర్కారు ఇచ్చినవాటిలో పడావుగా ఉన్న భూములు వెనక్కి తీసుకుని నీలగిరి మొక్కలు నాటాలని జాబితా వచ్చింది. అందులో ఈరమ్మ రెండెకరాలున్నాయి. ఆమె నన్ను వెతుక్కుంటూ జహీరాబాద్ వచ్చింది.

"సారూ, నువ్వు నా చేన్ల నిలబడి రాసుకున్నవ్ గద. పడావు గాదని జర వాళ్లకు చెప్పు."

చెబితే ఉద్యోగం పోతుందనుకున్నాను. నిజంగా పోయేదా? తెలియదు. కనుక్కోలేదు కూడా.

"నేను అన్నీ రాసిన ఈరమ్మా. మెషిన్ల అట్ల వచ్చింది. మెషిన్ తప్పు చెప్పదు" అన్నాను.

ఆమె తలూపింది. "గంత పెద్ద మెషిన్ చెప్పిందంటె, నేనే సరిగ విత్తలేదేమో."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ వానాకాలం ఆమె తన చేలోనే కూలికి పోయి నీలగిరి మొక్కలకు గుంతలు తవ్విందని విన్నాను. నేను ఆ దారిన పోవడం మానేశాను.

ఆమె పోయి చాలా కాలమైంది. క్షమించమని అడిగే మొహం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆమె ముందు అనాల్సిన మాట మీ ముందు అంటున్నాను. ఈరమ్మా, నువ్వు సరిగనే విత్తినవ్. ఆ నంబరు వేసింది నేను.