అరశ్రుతి దించిన పెట్టె

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవి. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల వీధి చివర నా హార్మోనియం రిపేరు కొట్టు. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. పాత పెట్టెలు విప్పి, కొన్ని పాడుచేసి, ఈ పని నేర్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం సూర్రావు పెట్టె తెచ్చాడు. సోంపేట వైపు పద్యనాటకాలాడే అప్పలస్వామి గారికి హార్మోనిస్టు అతను.

"మావా, రీడ్లన్నీ అరశ్రుతి దించియ్యి. గురువుగారికి సెప్పకు. ఆయన గొంతు పైకి అందట్లేదు. ఆ మాటంటే కొడతాడు."

రీడ్ అంటే గాలికి పలికే ఇత్తడి నాలుక. మొదలు దగ్గర గీకితే స్వరం దిగుతుంది, కొసన గీకితే ఎక్కుతుంది. వేళ్లు కింది మెట్లకు జరిపి వాయిస్తే గురువుగారు కంటితోనే పట్టేస్తాడట, అందుకని నాలుకలే గీకమంటున్నాడు. తప్పని తెలుసు. అయినా గీకాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

నెల తిరక్కుండా పెట్టె పట్టుకుని అప్పలస్వామి గారే వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, ఒక్కడే.

"ఏటి బావా, నా పెట్టి పీక నొక్కీసినావు?"

తల దించుకున్నాను.

"మొదటి పద్యంలోనే తెలిసిపోనాది. ఒక్కడూ నోరిప్పడు. నానాగితే సూర్రావూ ఆగిపోతాడు. పైస్వరం కాడ నా ఊపిరి తెగినప్పుడు పెట్టి నిలబడాల. దాన్ని పట్టుకుని నాను మళ్లీ ఎక్కాల. అలాటోడు గావాల బావా నాకు."

నాకు కోపం ఆగలేదు. "మీ పాత హార్మోనిస్టు టెక్కలి రామయ్య అలాటోడే గదా! అతను వాయిత్తే జనం మీకేసి సూడట్లేదని మీరే పంపీసినారు. ఇరవై ఏళ్లుగా తలకాయలూపినోళ్లనే పక్కన ఎట్టుకున్నారు."

 ఆయన నా ఫోన్ అడిగి రామయ్యకు చేశారు.

"ఒరే, నన్ను మింగెత్తావని అప్పుడు పంపీసినాను. ఇప్పుడొచ్చి మింగీరా."

అవతల నవ్వు. "పెట్టి అమ్మీసినాన్రా."

"నాది తెత్తన్నాను. తలుపు తీసుంచు."

మూడు రోజులు కూర్చుని రీడ్లన్నీ మళ్లీ పైకి ఎక్కించాను. ఆయన టెక్కలి బస్సెక్కారు. వారానికి తిరిగొస్తూ నా కొట్టు దగ్గర ఆగారు.

"ఎలాగున్నాడు?"

"బాగానే నవ్వినాడు. ఎడం సెయ్యి పడిపోనాది బావా, గాలితిత్తి లాగలేడు. నానాగిన కాడే ఆడూ ఆగిపోనాడు."

పెట్టె నా ముందు పెట్టి ఒక పద్యం ఎత్తారు. నాకు వాయించడం రాదు. శ్రుతి మెట్టొకటి నొక్కి పట్టుకున్నాను. గొంతు పైకి వెళ్లి తెగింది. ఆయన మళ్లీ ఎక్కలేదు.

"దించమంటారా?" ఈసారి అడిగాను.

"వొద్దు. పడితే అక్కణ్నుంచే పడతాను."

పాడేవాణ్ణి అడక్కుండా అతని శ్రుతి ముట్టకూడదని నలభై ఏళ్ల పని తర్వాత నేను నేర్చుకున్నాను. మనకన్నా గట్టివాణ్ణి, వాడి చేతిలో సత్తువ ఉన్నప్పుడే పక్కన ఉంచుకోవాలని ఆయన నేర్చుకున్నారు. ఇద్దరికీ ఆలస్యంగానే తెలిసింది.

సోంపేట బస్సులో ఇద్దరు కూర్చునే సీటు దొరికింది. కిటికీ పక్కన పెట్టెను పెట్టి, ఆయన ఇవతల కూర్చున్నారు.